గోదావరి మన్యపు అంచున ఊరకుక్క: జీవకారుణ్య విధాన చరిత్ర - ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దు పరిశీలన

వ్యాస సంగ్రహం

వీధికుక్కల పట్ల క్రూరత్వాన్ని నివారించేందుకు భారతదేశంలో రూపొందిన చట్టాలు, నియమాలు ప్రధానంగా నగరాలను దృష్టిలో పెట్టుకొని ఏర్పడ్డాయి. ఆ విధానం గ్రామానికి, అందులోనూ అటవీ సరిహద్దు గ్రామానికి చేరేసరికి నిషేధం మాత్రమే మిగిలింది. ఆచరణకు కావలసిన సాధనాలు వెంట రాలేదు. ఖమ్మం, భద్రాచలం ప్రాంతపు పాలనా చరిత్రను ఆధారంగా చేసుకొని ఈ అంతరం ఎలా ఏర్పడిందో, దాని ఫలితం మనుషులపై, కుక్కలపై, వన్యప్రాణులపై ఎలా ఉందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశ్యం.

కీలక పదాలు: ఊరకుక్క, జీవకారుణ్యం, జంతుహింస నిరోధక చట్టం, రేబిస్, జనన నియంత్రణ నియమాలు, ఐదవ షెడ్యూలు, భద్రాచలం, ఖమ్మం.

1. ఉపోద్ఘాతం

తెలుగులో కుక్కకు ఉన్న పేర్లు దాని సామాజిక స్థానాన్ని తెలుపుతాయి. వేటకు వెంట వచ్చేది జాగిలం. కావ్యభాషలో అది శునకం, శ్వానం, సారమేయం. పరిహాసంగా అన్నా కొంత గౌరవం కలిసిన పేరు గ్రామసింహం. ఒక ఇంటికి కాక ఊరంతటికీ చెందినది ఊరకుక్క. దీనితో పోలిస్తే 'వీధికుక్క' అనే మాట పట్టణపు మాట. యజమాని లేనిది, కనుక అక్కడ ఉండకూడనిది అనే భావం అందులో ఉంది. ఆధునిక పాలనావ్యవస్థ ఈ రెండో మాటనే స్వీకరించింది. 2023లో కేంద్ర ప్రభుత్వం కొత్త నియమాలలో ఈ కుక్కలను సమాజానికి చెందిన జంతువులుగా పేర్కొనడంతో, ఊరకుక్క అనే పాత భావన చట్టభాషలోకి మరో రూపంలో తిరిగి వచ్చిందని చెప్పవచ్చు.

అయితే పేరు మారినంత మాత్రాన స్థితి మారదు. 2021 జులైలో పశ్చిమగోదావరి జిల్లా లింగపాలెంలో సుమారు మూడు వందల కుక్కలను విషమిచ్చి చంపి గోతిలో పూడ్చారన్న ఫిర్యాదుపై పోలీసు కేసు నమోదైంది. ఖమ్మం జిల్లా సత్తుపల్లి సరిహద్దుకు ఈ ఊరు ఎంతో దూరం కాదు. 2022లో సిద్దిపేట జిల్లా తిగుల్ గ్రామంలో ఇటువంటి ఆరోపణే వచ్చింది. 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్‌లో సుమారు ఇరవై కుక్కలను తుపాకీతో కాల్చి చంపారు. మరోవైపు 2023 ఫిబ్రవరి 19న హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ల బాలుడు కుక్కల దాడిలో మరణించాడు. తరువాతి నెలలోనే ఖమ్మం జిల్లా రఘునాథపాలెం మండలంలోని ఒక తండాలో ఐదేళ్ల బాలుడు కుక్కకాటు అనంతరం రేబిస్ లక్షణాలతో కన్నుమూశాడు. ఈ రెండు రకాల మరణాలను వేర్వేరు పక్షాల వాదనలుగా చూడటం పరిపాటి అయింది. ఇవి ఒకే పాలనా వైఫల్యానికి రెండు ముఖాలన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

2. సంప్రదాయంలో పాలకుని బాధ్యత

మూగజీవికి జరిగిన హింసకు పాలకుడు జవాబుదారీ అన్న భావన తెలుగు సాహిత్యానికి ఆదిలోనే కనిపిస్తుంది. నన్నయ ఆంధ్రమహాభారతం ఆదిపర్వంలోని సరమ వృత్తాంతం ఇందుకు నిదర్శనం. జనమేజయుడు యజ్ఞం చేస్తున్న చోటికి సరమ అనే దేవశుని కొడుకు సారమేయుడు వస్తాడు. అతడు ఏ తప్పూ చేయకపోయినా జనమేజయుని తమ్ములు కొడతారు. సరమ నేరుగా రాజు వద్దకే వచ్చి, తగునో తగదో ఆలోచించక నిరపరాధులకు, దుర్బలులకు కీడు చేసేవారికి కారణం తెలియని ఆపదలు వస్తాయని హెచ్చరించి వెళ్తుంది. ఇక్కడ గమనించవలసిన అంశాలు రెండు. కొట్టినవారు తమ్ములే అయినా ఫిర్యాదు చేరింది రాజుకు. ఆ మాటను రాజు తేలికగా తీసుకోక, దోషశాంతి కోసం పురోహితుని వెతుక్కుంటూ బయలుదేరాడు.

శాసనాధారం ఇంకా ప్రాచీనమైనది. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో లభించిన అశోకుని శిలాశాసనాలలో మనుషులతోపాటు పశువులకూ వైద్య ఏర్పాట్లు చేయించినట్లు, ఔషధ మూలికలు లేనిచోట తెప్పించి నాటించినట్లు ఉంది. ప్రాణిహింసను నియంత్రించే ఆజ్ఞ, వైద్య ఏర్పాటు ఒకే శాసన వరుసలో ఉండటం గమనార్హం. ఆజ్ఞకు ఏర్పాటు తోడు కావాలన్న ఈ సూత్రం తరువాతి చరిత్రలో పదేపదే విస్మరణకు గురైంది.

సంప్రదాయం మొత్తం కారుణ్యమేనని చెప్పడం మాత్రం సరికాదు. భైరవునికి వాహనంగా కుక్కకు పూజ ఉంది. 'కుక్క కాటుకు చెప్పు దెబ్బ' అన్న సామెతా ఉంది. స్వర్గద్వారం వరకు ధర్మరాజు వెంట నడిచిన కుక్క కథను గౌరవించిన సమాజమే నీచత్వానికి ఉపమానంగా కుక్కను వాడింది. ఈ ద్వంద్వం వల్ల ఊరకుక్కకు తిండి దొరికింది గాని రక్షణ నిలకడగా దొరకలేదు.

3. నదికి ఇరువైపులా రెండు పాలనలు

ఖమ్మం, భద్రాచలం ప్రాంతాలకు ఒకే పాలనా చరిత్ర లేదు. ఖమ్మం ప్రాంతం నిజాం రాజ్యంలో వరంగల్లు జిల్లాలో భాగంగా ఉండేది. గోదావరికి ఎడమ ఒడ్డునున్న భద్రాచలం, రేకపల్లి ప్రాంతాలు 1860 ఒప్పందంతో బ్రిటిషువారికి దక్కాయి. మొదట సెంట్రల్ ప్రావిన్సెస్‌లోని ఎగువ గోదావరి జిల్లాలో ఉండి, 1874లో మద్రాసు రాష్ట్రపు గోదావరి జిల్లాకు మారాయి. ఏజెన్సీ ప్రాంతం కావడంతో సాధారణ చట్టాలు అక్కడ నేరుగా అమలయ్యేవి కావు.

బ్రిటిష్ ఇండియాలో జంతుహింసపై 1890లో చట్టం వచ్చింది. వీధుల్లో, బహిరంగ స్థలాల్లో బండ్లు లాగే పశువులను, బరువు మోసే జంతువులను హింసించడం దాని ప్రధాన విషయం. ఆ చట్టం దృష్టి పట్టణపు వీధి మీద ఉంది. నిజాం రాజ్యం బ్రిటిష్ ఇండియాలో భాగం కాదు కనుక నదికి ఈవలి ఒడ్డుకు దానితో సంబంధం లేదు. ఆవలి ఒడ్డున మన్యపు గూడేనికి అది కాగితం మీది మాటే.

వలసపాలనలో కుక్కల పట్ల అమలైన అసలు విధానం బహుమతి విధానం. చంపిన కుక్కకు ఇంత అని సొమ్ము చెల్లించడం అందులో పద్ధతి. 1832లో బొంబాయిలో ఈ పద్ధతిపై పార్శీలు తిరగబడి నగరాన్ని స్తంభింపజేసిన ఘటన ప్రసిద్ధం. అడవుల్లో ఇదే విధానం క్రూరమృగాల నిర్మూలన పేరుతో సాగింది. పులి, చిరుతలతోపాటు రేచుకుక్కల తలకూ మద్రాసు రాష్ట్రంలో వెల కట్టారు. నగరంలో వీధికుక్క, అడవిలో రేచుకుక్క రెండూ ఒకే లెక్కల పుస్తకంలోకి చేరాయి. చంపడానికి ఖజానా నుంచి సొమ్ము నిర్ణీతంగా వచ్చేది. కాపాడటానికి అటువంటి పద్దు ఉండేది కాదు.

1953 అక్టోబరు 1న ఖమ్మం జిల్లా ఏర్పడింది. 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలు తూర్పుగోదావరి నుంచి ఖమ్మంలో కలిశాయి. మరుసటి సంవత్సరమే పార్లమెంటు జంతుహింస నిరోధక చట్టాన్ని ఆమోదించింది. ఆ విధంగా నదికి రెండు ఒడ్డులూ ఒకే జిల్లా కిందికి, ఒకే చట్టం కిందికి దాదాపు ఒకేసారి వచ్చాయి.

4. 1960 చట్టం: దయ, మినహాయింపు

ఈ చట్టానికి మూలం రాజ్యసభ సభ్యురాలు రుక్మిణీదేవి అరండేల్ 1953లో ప్రవేశపెట్టిన ప్రైవేటు బిల్లు. ప్రభుత్వమే సమగ్రమైన బిల్లు తెస్తుందని ప్రధాని నెహ్రూ హామీ ఇవ్వడంతో ఆమె దానిని ఉపసంహరించుకున్నారు. 1960 డిసెంబరులో చట్టం వచ్చింది. 1962లో జంతు సంక్షేమ మండలి ఏర్పడగా, దానికి ఆమె తొలి అధ్యక్షురాలయ్యారు.

పదకొండవ సెక్షన్ జంతువును కొట్టడం, ఆకలితో మాడ్చడం, హింసించడం నేరాలని చెప్పింది. అదే సెక్షన్ వీధికుక్కలను నిర్ణీత పద్ధతుల్లో చంపడాన్ని మినహాయించింది. మొదటి నేరానికి జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయల వరకు. ఆరు దశాబ్దాలు గడిచినా ఆ మొత్తం మారలేదు. 2022 నవంబరులో కేంద్రం జరిమానాలు పెంచే ముసాయిదాను ప్రకటించినా అది చట్టరూపం దాల్చలేదు. ఈలోగా భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ జంతువును చంపడం, అంగవైకల్యం కలిగించడం వంటి చర్యలకు ఐదేళ్ల వరకు శిక్షకు వీలు కల్పించింది. 2024 జులై 1 నుంచి ఇది అమలులో ఉంది.

1982 సవరణ ఈ ప్రాంతానికి ప్రత్యేకంగా వర్తించే అంశాన్ని చేర్చింది. వీధికుక్కలతో సహా ఏ జంతువునైనా గుండెలోకి స్ట్రిక్నిన్ సూదిమందు ఇచ్చి గాని, అనవసరమైన మరే క్రూర పద్ధతిలో గాని చంపడం నేరమైంది. స్ట్రిక్నిన్ అనేది ముష్టి గింజల్లోని విషం. గోదావరి మన్యపు అడవుల్లో ముష్టి చెట్టు సహజంగా పెరుగుతుంది. గిరిజనులు సేకరించి గిరిజన సహకార సంస్థకు అమ్మే అటవీ ఫలసాయాల్లో ఈ గింజలు ఉన్నాయి. శుద్ధి చేసి నాటువైద్యంలో వాడే గింజే మోతాదు తప్పితే కండరాలను బిగించి, స్పృహ ఉండగానే ఊపిరి ఆడనీయక చంపుతుంది. చట్టం ఆ విషాన్ని పేరుపెట్టి నిషేధించడానికి కారణం ఈ మరణ యాతనే.

5. చంపడం నుంచి శస్త్రచికిత్స వైపు

చంపడం వల్ల కుక్కల సంఖ్య తగ్గదన్న అనుభవం ముందుగా మద్రాసులో విధానంగా మారింది. బ్లూ క్రాస్ సంస్థ 1960వ దశకంలోనే జనన నియంత్రణ శస్త్రచికిత్సలను ప్రతిపాదించింది. ఆ సంస్థ లెక్క ప్రకారం 1996 నాటికి ఆ నగరంలో రోజుకు 135 వరకు కుక్కలను చంపేవారు. ఆ ఏడాదే నగరపాలక సంస్థ కొత్త పద్ధతికి అంగీకరించింది. విశాఖపట్నంలోనూ స్వచ్ఛంద సంస్థ చొరవతో అదే కాలంలో శస్త్రచికిత్సలు మొదలయ్యాయి. హైదరాబాదులో 1992లో బ్లూ క్రాస్ శాఖ ఏర్పడింది.

దీని వెనుక శాస్త్రీయ కారణం సరళమైనది. కుక్కలు తిండి దొరికే చోటును బట్టి హద్దులు ఏర్పరచుకుంటాయి. ఒక వీధిలోని కుక్కలను తొలగిస్తే, చెత్తకుప్ప అక్కడే ఉన్నంతవరకు పక్క వీధి కుక్కలు వచ్చి చేరతాయి. కొత్తగా వచ్చినవాటికి టీకా ఉండదు. హద్దుల కోసం పోట్లాటలు పెరుగుతాయి. శస్త్రచికిత్స చేసి, రేబిస్ టీకా వేసి, చెవికి గుర్తుగా కోత పెట్టి అదే చోట వదిలితే ఆ కుక్కే కొత్తవాటిని రానీయదు. సుమారు 70 శాతం కుక్కలకు టీకా అందితే రేబిస్ గొలుసు తెగుతుందన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన.

ఈ అవగాహనతో 2001 డిసెంబరులో కుక్కల జనన నియంత్రణ నియమాలు వచ్చాయి. వాటి స్థానంలో 2023 మార్చిలో కొత్త నియమాలు వచ్చాయి. 2025 ఆగస్టు 11న ఢిల్లీ ప్రాంతపు కుక్కలను శాశ్వతంగా ఆశ్రయాలకు తరలించాలని సుప్రీంకోర్టు ధర్మాసనం ఆదేశించింది. ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దానిని సవరించింది. రేబిస్ సోకినవి, దూకుడు స్వభావం గలవి మినహా మిగిలినవాటిని శస్త్రచికిత్స, టీకా తరువాత పట్టినచోటే వదలాలని పేర్కొంటూ విచారణను దేశమంతటికీ విస్తరించింది. నవంబరు 7 నాటి ఉత్తర్వు విద్యాసంస్థలు, ఆసుపత్రులు, బస్సు, రైల్వే స్టేషన్ల ఆవరణల నుంచి కుక్కలను తొలగించి తిరిగి అక్కడ వదలరాదని చెప్పింది. ఈ ఉత్తర్వుల్లో దేనిని పాటించాలన్నా కుక్కలను పట్టే శిక్షణ గల సిబ్బంది, శస్త్రచికిత్స గది, పశువైద్యుడు, గూళ్లు అవసరం.

6. అటవీ సరిహద్దు ప్రత్యేకత

మన్యపు గూడెంలో కుక్క పాత్ర పట్టణంలో కన్నా భిన్నం. పోడు చేను కాపలా, మేకల మంద రక్షణ, రాత్రివేళ అడవిజంతువు రాకను ముందుగా పసిగట్టడం దాని పనులు. కోయ, కొండరెడ్డి పల్లెల్లో అది ఇంటివారి వెంట అడవికి వెళ్తుంది. దానికి యజమాని ఉన్నా కట్టు ఉండదు. 'పెంపుడు', 'వీధి' అనే చట్టపు విభజనలో ఈ కుక్క ఇమడదు.

మూడు దశాబ్దాలుగా పల్లె అంచున మరో మార్పు వచ్చింది. చనిపోయిన పశువులను ఊరి బయట వేస్తే పూర్వం రాబందులు తినేవి. పశువులకు వాడిన డైక్లోఫినాక్ మందు అవశేషాల వల్ల 1990వ దశకం నుంచి రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. 2006లో ఆ మందును పశువైద్యంలో నిషేధించే సమయానికి తెల్లవీపు రాబందుల్లో 95 శాతానికి పైగా నశించాయి. వాటికి దక్కవలసిన కళేబరాలు కుక్కలకు ఆహారమయ్యాయి. కుక్కల సంఖ్య పెరగడానికి కుక్క కారణం కాదు. మనిషి వాడిన మందు, మనిషి వేసిన చెత్త కారణం.

కిన్నెరసాని అభయారణ్యం వంటి చోట్ల ఊరకుక్కలకు, వన్యప్రాణులకు నడుమ కంచె లేదు. కుక్కలు గుంపుగా చుక్కల దుప్పిని తరుముతాయి. చిరుత కుక్క కోసమే ఊరి అంచుకు వస్తుంది. రోగాలూ అటూఇటూ ప్రయాణిస్తాయి. 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటిలో కుక్కల్లో సాధారణమైన డిస్టెంపర్ వైరస్ వల్ల సింహాలలో సుమారు మూడో వంతు మరణించాయి. 2018లో గిర్ అడవిలో 20కి పైగా సింహాలు చనిపోగా కొన్నింటిలో అదే వైరస్ నిర్ధారణ అయింది. విషప్రయోగం వల్ల వచ్చే ముప్పు ఇంకా ప్రత్యక్షమైనది. విషం తిన్న కుక్క కళేబరాన్ని నక్క, దుమ్ములగొండి, గద్ద తింటే వాటికీ అదే గతి. అడవి అంచున కుక్కకు పెట్టిన విషం కుక్కతో ఆగదు.

మనుషుల విషయంలోనూ దూరమే ప్రధాన సమస్య. 1907లో కూనూరులో పాశ్చర్ సంస్థ ఏర్పడినప్పుడు దక్షిణాదివారికి కుక్కకాటు చికిత్స కోసం అదే దిక్కు. తరువాత గొర్రె మెదడు నుంచి తయారైన టీకా జిల్లా ఆసుపత్రులకు చేరింది. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు అన్న మాట తెలుగు పల్లెల్లో ఒక తరాన్ని భయపెట్టింది. రోజుకొకటి చొప్పున వేయించుకోవడానికి కూలి మానుకొని అడవి దాటి రావడం గూడెంవారికి ఎంత భారమో ఊహించవచ్చు. పసరు మందు మీద ఆధారపడటాన్ని అజ్ఞానమని మాత్రమే అనలేము. 2006 నుంచి చర్మంలో తక్కువ మోతాదుతో వేసే టీకా పద్ధతి వచ్చి భారం తగ్గింది. అయినా 2024లో దేశవ్యాప్తంగా నమోదైన కుక్కకాట్లు 37 లక్షలు. అదే ఏడాది ప్రభుత్వం చూపిన అనుమానిత రేబిస్ మరణాలు 54 కాగా, ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ఏటా 18 వేల నుంచి 20 వేలు. ఈ అంతరంలో కనపడకుండా పోయేవి ఆసుపత్రికి చేరని ఇళ్లలోని మరణాలే.

7. బాధ్యత ఎవరిది?

1976లో రాజ్యాంగంలో చేరిన 51ఎ(జి) అధికరణ ప్రాణుల పట్ల దయ పౌరుని విధి అని చెప్పింది. జంతుహింస నిరోధం ఉమ్మడి జాబితాలోని విషయం. 74వ సవరణ చేర్చిన పన్నెండవ షెడ్యూలులో బందెలదొడ్లతోపాటు జంతుహింస నివారణ పురపాలక సంఘాల విధుల్లో ఉంది. పంచాయతీల విధులను చెప్పే పదకొండవ షెడ్యూలులో పశుపోషణ, ఆరోగ్యం, పారిశుద్ధ్యం ఉన్నాయి గాని జంతుహింస నివారణ లేదు. జనన నియంత్రణ నియమాలు మాత్రం స్థానిక సంస్థలన్నింటికీ వర్తిస్తాయి. అంటే పంచాయతీపై బాధ్యత ఉంది. ఆ బాధ్యతకు రాజ్యాంగ జాబితాలో పేరు లేదు, పద్దులో సొమ్ము లేదు.

భద్రాచలం ఇందుకు తగిన ఉదాహరణ. 2011 నాటికే సుమారు 50 వేల జనాభా గల ఈ పుణ్యక్షేత్రం పట్టణ లక్షణాలన్నీ ఉన్నా గ్రామపంచాయతీయే. పురపాలక సంఘాలకు సంబంధించిన రాజ్యాంగ భాగం షెడ్యూల్డు ప్రాంతాలకు నేరుగా వర్తించకపోవడం దీనికి నేపథ్యం. గిరిజన హక్కుల రక్షణకు అది అవసరమైన ఏర్పాటు. అయితే పట్టణ స్థాయి చెత్త, యాత్రికుల రద్దీ, కుక్కల సంఖ్య ఒక పంచాయతీ వనరుల మీద పడ్డాయి. ఖమ్మం 2012లోనే నగరపాలక సంస్థ అయింది. ఒకే నియమం ఖమ్మంలో నగరపాలక సంస్థను, భద్రాచలంలో గ్రామపంచాయతీని ఒకే విధంగా ఆజ్ఞాపిస్తుంది.

2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలవడంతో మరో చిక్కు వచ్చింది. రాష్ట్ర సరిహద్దు భద్రాచలం పట్టణపు అంచుకు చేరింది. ఎటపాక ఇప్పుడు పొరుగు రాష్ట్రం. ఒక వైపు టీకాలు వేసి మరో వైపు వేయకపోతే కుక్కల సంచారం ఆ శ్రమను వమ్ము చేస్తుంది.

ఈ స్థితిలో కాటుకు గురైన కుటుంబం సర్పంచిని నిలదీస్తుంది. ఆయన చేతిలో శస్త్రచికిత్స కేంద్రం లేదు. విషం మాత్రం చవకగా దొరుకుతుంది. ఇది నేరానికి సమర్థన కాదు. కాని నేరం ఎక్కడ పుడుతుందో చూపకుండా శిక్ష గురించి మాత్రమే మాట్లాడితే విధానం సగంలో ఆగిపోతుంది.

8. సాధ్యమైన మార్గం

గ్రామీణ ప్రాంతాల్లో కారుణ్య విధానం అసాధ్యమన్న వాదనకు సమాధానాలు ఉన్నాయి. గోవాలో 2014 నుంచి స్వచ్ఛంద సంస్థ, ప్రభుత్వం కలిసి ఊరూరా తిరిగి కుక్కలకు టీకాలు వేశాయి, బడుల్లో పిల్లలకు కాటు గురించి పాఠాలు చెప్పాయి. 2021లో ఆ రాష్ట్రం రేబిస్ నియంత్రిత ప్రాంతంగా ప్రకటితమైంది. కొండపల్లెలతో నిండిన భూటాన్ 2009లో దేశవ్యాప్త కార్యక్రమం ప్రారంభించి, 2023లో స్వేచ్ఛగా తిరిగే కుక్కలన్నింటికీ శస్త్రచికిత్సలు పూర్తయ్యాయని ప్రకటించింది. ఈ రెండు చోట్లా పల్లెను కేంద్రానికి రమ్మనలేదు. వైద్యబృందమే పల్లెకు వెళ్లింది.

2021లో కేంద్రం ప్రకటించిన జాతీయ కార్యాచరణ ప్రణాళిక 2030 నాటికి కుక్కల ద్వారా వచ్చే రేబిస్‌ను నిర్మూలించాలని లక్ష్యంగా పెట్టుకుంది. అది నెరవేరాలంటే ఈ అటవీ సరిహద్దు వంటి చోట్లనే మొదలు కావాలి.

9. ముగింపు

పై చర్చ వల్ల తేలే అంశాలు ఇవి:

1. వలసపాలనలో చంపడానికి పద్దు ఉండేది, రక్షణకు లేదు. స్వాతంత్ర్యానంతర చట్టం చంపడాన్ని క్రమంగా నిషేధించినా, పల్లె స్థాయిలో రక్షణకు పద్దును ఏర్పరచలేదు.

2. కుక్కకాటు మరణాలు, కుక్కల సామూహిక హత్యలు ఒకే లోపం నుంచి పుడుతున్నాయి. టీకా, శస్త్రచికిత్స అందిన చోట రెండూ తగ్గుతాయి.

3. ఏజెన్సీ పంచాయతీలకు విడివిడిగా శస్త్రచికిత్స కేంద్రాలు అసాధ్యం. మండలాల సమూహానికి ఒక సంచార పశువైద్య బృందం, ఐటీడీఏ, పశుసంవర్ధక, అటవీ, ఆరోగ్య శాఖల ఉమ్మడి నిధి ఆచరణసాధ్యం.

4. అభయారణ్యపు అంచు గ్రామాల్లో రేబిస్‌తోపాటు డిస్టెంపర్ టీకానూ చేర్చడం వన్యప్రాణి సంరక్షణకు అవసరం.

5. భద్రాచలం, ఎటపాక వంటి సరిహద్దు గ్రామాల్లో రెండు రాష్ట్రాలూ ఒకే సమయంలో టీకా కార్యక్రమం చేపట్టాలి.

6. కళేబరాలు, చెత్త పారవేసే పద్ధతి మారనిదే ఏ శస్త్రచికిత్సా నిలకడైన ఫలితం ఇవ్వదు.

సరమ తన కొడుకును కొట్టినవారి వద్దకు కాక రాజు వద్దకు వెళ్లింది. ఊరకుక్క దెబ్బ తిన్న చోటా, బిడ్డ కాటుకు గురైన చోటా నేటికీ ఫిర్యాదు చేరవలసిన చోటు అదే. ఎర్రగుడి శాసనం ఆజ్ఞ పక్కనే వైద్యాన్ని ఉంచింది. ఆ రెండూ కలిసి మన్యపు గూడెం దాకా వెళ్లినప్పుడే జీవకారుణ్యం చట్టపు మాటగా మిగలక పాలనగా మారుతుంది.